పాపికొండల లాంచీ ఎక్కే ముందు, ఎక్కిన తరువాత: గోదావరిపై విహారయాత్రను క్షేమంగా ముగించుకోవడం ఎలా?

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని నింపాదిగా నడుస్తుంది. అదే నీరు అంతకు ముందు పాపికొండల నడుమ కొన్ని వందల మీటర్ల ఇరుకులో నుంచి రావలసి ఉంటుంది. వెడల్పు తగ్గిన చోట నది లోతునూ వేగాన్నీ పెంచుకుంటుంది, కొండ మలుపు అడ్డం వచ్చిన చోట సుడులు తిరుగుతుంది. మనం చూడడానికి వెళ్లే అందానికీ, మనం భయపడవలసిన ప్రమాదానికీ ఆ ఇరుకే కారణం. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు అందులో ఉన్న 70 మందికి పైగా జనంలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. నది అడుగున చిక్కుకున్న ఆ బోటును, మునిగిన పడవలను వెలికితీసే ధర్మాడి సత్యం బృందం బయటికి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది.

పాపికొండలకు వెళ్లవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. తప్పక వెళ్లండి, పిల్లలనూ పెద్దవాళ్లనూ తీసుకువెళ్లండి. అయితే పడవ ప్రయాణంలో ప్రాణం కాపాడే నిర్ణయాల్లో చాలా భాగం రేవులో, కాళ్లు ఇంకా నేల మీద ఉండగానే తీసుకోవలసినవి. ఒకసారి లాంచీ ప్రవాహంలోకి వెళ్లాక మీ చేతిలో మిగిలేవి చాలా కొద్ది. అందుకే ఇక్కడ రేవు దాటని పనుల గురించే ఎక్కువగా రాశాను.

మొదటి పని: ఏ రోజు వెళ్లాలో నది పరిస్థితి చూసి నిర్ణయించండి

గోదావరి వరద సాధారణంగా జూలైలో మొదలై సెప్టెంబరు దాకా, కొన్ని సంవత్సరాలలో అక్టోబరు దాకా కొనసాగుతుంది. మీ ఊరిలో చినుకు పడకపోయినా ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల వెంట కురిసిన వాన రెండు మూడు రోజుల తరువాత పాపికొండల మధ్యకు వచ్చి చేరుతుంది కాబట్టి, ఇంటి ముందు ఎండ కాస్తోందన్న ధీమాతో టికెట్లు కొనకండి. బయలుదేరే ముందు రోజు భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎంత ఉందో, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో పత్రికలలోనో టీవీ వార్తలలోనో చూడండి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. ధవళేశ్వరంలో ఆ మట్టాలు 11.75, 13.75, 17.75 అడుగులు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఈ హెచ్చరికలు ప్రధానంగా లంక గ్రామాలు, గట్లు, పల్లపు ప్రాంతాల క్షేమం కోసం నిర్ణయించినవి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చేనాటికి ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులకు చేరుతుంది. కచ్చులూరు ప్రమాదం జరిగిన రోజు నదిలో ఉన్నది దాదాపు 5 లక్షల క్యూసెక్కులు, అంటే అందులో సగం. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లకు పైచిలుకు నీరు. ఆ లెక్కన సగం వరదలోనే సెకనుకు కోటీ నలభై లక్షల లీటర్ల నీరు ఆ మలుపులో నుంచి దూసుకుపోతోంది. కనుక హెచ్చరిక ఉపసంహరించారన్న వార్త విని పడవ ప్రయాణానికి అనుమతి దొరికినట్లు భావించకూడదు. నీరు ఎర్రగా ఉండి, దుంగలూ చెత్తా కొట్టుకు వస్తూ ఉంటే ఆ యాత్రను మరో నెలకు వాయిదా వేసుకోండి. టికెట్ డబ్బు పోయినా సరే, వాయిదా వేసుకోండి.

వరద లేని కాలంలో కూడా నదికి దాని గండాలు దానికున్నాయి. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగింది సాయంత్రపు గాలివానలో. వేసవిలో ఎండ ముదిరిన తరువాత, మధ్యాహ్నం దాటాక, ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో వెళ్లేవారు పొద్దున్నే బయలుదేరి, సాయంత్రపు గాలి లేచేలోగా తిరుగు ప్రయాణం పూర్తయ్యే ఏర్పాటు ఉందో లేదో ముందే అడగాలి. ఇక కార్తిక మాసంలో నది నిలకడగానే ఉంటుంది కానీ జనం విపరీతంగా ఉంటారు. 2017 నవంబరు 12న, కార్తిక మాసపు ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణా నదిలో 20 మందికి పైగా చనిపోయిన బోటు వరదలో చిక్కుకున్నది కాదు. అనుమతి లేని బోటులో పట్టేదానికి మించి మనుషులను ఎక్కించారు.

రెండవ పని: ఎవరి లాంచీ ఎక్కుతున్నారో తెలుసుకోండి

మన దేశంలో నదులపై నడిచే పడవలకు ఇప్పుడు 2021 నాటి దేశీయ నౌకల చట్టం వర్తిస్తుంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం ప్రకారం మరపడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ ధ్రువపత్రం, బీమా ఉండాలి. కచ్చులూరు ఘటన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాపికొండల యాత్రలను చాలా కాలం ఆపివేసి, గండి పోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం వంటి చోట్ల కంట్రోల్ రూములు ఏర్పాటు చేసి, 2021 నవంబరులో మళ్లీ అనుమతించింది. రాజమహేంద్రవరం వైపు నుంచి వెళ్లేవారు గండి పోచమ్మ ఆలయం దగ్గర, భద్రాచలం వైపు నుంచి వచ్చేవారు పోచవరం దగ్గర లాంచీ ఎక్కుతారు. ఈ రేవులను వదిలి, మధ్యలో ఎక్కడో ఒడ్డున ఆపి తక్కువ ధరకు ఎక్కించుకుంటామనే వారి పడవ ఎక్కకండి. కంట్రోల్ రూము ముందు నుంచి వెళ్లని పడవను ఎవరూ తనిఖీ చేసి ఉండరు, అందులో ఎవరెవరు ఉన్నారో ఏ పుస్తకంలోనూ ఉండదు.

టికెట్ తీసుకునేటప్పుడు ప్రతి మనిషి పేరు, వయసు, ఫోను నంబరు రాయించండి. చంటిపిల్లలకు టికెట్ లేదు కదా అని చాలామంది వాళ్ల పేర్లు చెప్పరు. ప్రమాదం జరిగినప్పుడు ఎంతమందిని వెతకాలో తేలకపోవడానికి ఇదే కారణమవుతుంది. మీ యాత్ర వివరాలు, లాంచీ పేరు, తిరిగి వచ్చే సమయం ఇంటి దగ్గర ఉన్న ఒకరికి చెప్పి వెళ్లండి. కొండల మధ్య చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు కనుక అక్కడి నుంచి చెబుదామనుకోవద్దు.

మూడవ పని: రేవులో నిలబడి లాంచీని ఐదు నిమిషాలు పరిశీలించండి

దీనికి ఇంజనీరు చదువు అవసరం లేదు. ముందుగా ఆ లాంచీలో ఎంతమంది ప్రయాణించవచ్చో రాసి ఉన్న బోర్డు ఎక్కడుందో చూడండి. తరువాత ఎక్కుతున్న జనాన్ని, పిల్లలను కూడా కలిపి, లెక్కపెట్టండి. లాంచీ నీటి మీద నిటారుగా నిలబడిందా, ఒక పక్కకు ఒరిగి ఉందా చూడండి. అంచుకూ నీటికీ మధ్య ఎడం బాగా తగ్గిపోయి కనిపిస్తే అందులో బరువు ఎక్కువైందని అర్థం. లోపలికి వెళ్లగానే లైఫ్ జాకెట్లు చేతికి అందేలా ఉన్నాయా, గోనెసంచిలో కట్టి మూల పడేశారా, లైఫ్‌బాయ్ అనే తేలే చక్రాలు తాడుతో సహా వేలాడుతున్నాయా, మంటలార్పే సిలిండరు ఉందా అన్నవి కంటితో చూసి తెలుసుకోవచ్చు. లాంచీ నడిపే సరంగుతో రెండు మాటలు మాట్లాడండి. ఆ రోజు నీరు ఎలా ఉంది, సుడులు ఏ మలుపులో ఉన్నాయి, గాలి వస్తే లాంచీని ఎక్కడ కట్టేస్తారు అని అడిగితే, నది తెలిసిన సరంగు విసుక్కోకుండా చెబుతాడు. నోటి నుంచి మద్యం వాసన వస్తే మీరు అక్కడే దిగిపోవాలి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

వీటిలో ఏది సరిగా లేకపోయినా దిగిపోతామని చెప్పడం కష్టమే. వెంట పది కుటుంబాలు ఉంటాయి, వ్యాన్ కట్టుకుని వచ్చి ఉంటారు, పిల్లలు ఉత్సాహంగా ఉంటారు. ఒకసారి మా బంధువులతో కలిసి ఒక జలాశయంలో బోటు ఎక్కబోతూ, మనుషులకు సరిపడా జాకెట్లు లేవని నేను దిగిపోతానన్నప్పుడు మొదట అందరూ నన్నే కోప్పడ్డారు. ఒకరు దిగేసరికి మరో నలుగురు దిగారు. అప్పుడు బోటువాళ్లే జనాన్ని రెండు విడతలుగా చేసి తీసుకువెళ్లారు. నోరు తెరిచి అడిగే మొదటి మనిషి కోసం మిగిలినవారు ఎదురుచూస్తూ ఉంటారని ఆ రోజు నాకు అర్థమైంది.

నాలుగవ పని: లైఫ్ జాకెట్‌ను సరిగా తొడుక్కోండి, ఒడ్డు చేరే దాకా విప్పకండి

మనిషి శరీరం నీటిలో దాదాపు తేలీ తేలనట్లుగా ఉంటుంది. తల బయట ఉండాలంటే పెద్దవారికి అదనంగా నాలుగైదు కిలోల తేలుడు శక్తి దొరికితే చాలు. 100 న్యూటన్ల జాకెట్ సుమారు 10 కిలోల బరువును పైకి ఎత్తి పట్టుకుంటుంది. 50 న్యూటన్లవి ఈత వచ్చినవారికి, నిలకడ నీటికి మాత్రమే సరిపోతాయి. అయితే ఈ అంకెలన్నీ జాకెట్ ఒంటికి అంటిపెట్టుకుని ఉన్నప్పుడే పనికివస్తాయి.

ముందుగా లోపలి పలకలను వేళ్లతో నొక్కి చూడండి. సీటు కింద వేసుకుని కూర్చున్నవి, దిండుగా వాడినవి నలిగి పలచబడి ఉంటాయి. అటువంటిది ఇస్తే మార్చమనండి. చేతులు దూర్చుకుని, ముందువైపు ఉన్న అన్ని బకిళ్లూ పెట్టుకుని, పట్టీలను బిగుతుగా లాగండి. అప్పుడు మీ పక్కవారిని జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది గడ్డం దాకా, చెవుల దాకా వచ్చేస్తే వదులుగా ఉన్నట్లే. నీటిలో పడ్డప్పుడు అది తల మీదుగా జారిపోతుంది, లేదా ముఖానికి అడ్డంపడి ఊపిరి ఆడనివ్వదు. చీర కట్టుకున్నవారు కొంగును నడుముకు చుట్టి దోపుకుని, దాని పైన జాకెట్ వేసుకోవాలి. కొంగు జాకెట్ మీద వేలాడితే ఏ కొక్కేనికో, ఇనుప కడ్డీకో చిక్కుకుని మనిషిని లాంచీతో పాటే లాగేస్తుంది. చున్నీకి కూడా ఇదే వర్తిస్తుంది.

పిల్లల విషయంలో రాజీ పడకండి. పెద్దల జాకెట్‌ను ఐదేళ్ల పిల్లకు తొడిగితే, ఆ పిల్ల నీటిలో పడగానే కిందికి జారిపోతుంది, జాకెట్ పైన తేలుతుంది. పిల్లలకు వారి బరువుకు తగిన జాకెట్ కావాలి, కాళ్ల మధ్య నుంచి తెచ్చి బిగించే పట్టీ ఉండాలి. యాత్రలకు తరచుగా వెళ్లే కుటుంబం ఇంటి దగ్గరే పిల్లల కొలతకు కొనిపెట్టుకోవడం మంచిది. చంటిపిల్లను తల్లి ఒడిలో పెట్టుకుని ఇద్దరికీ కలిపి ఒకే జాకెట్ బిగించడం ఎప్పుడూ చేయవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో విప్పకపోవడం. ఉక్కగా ఉంటుంది, భోజనాలు వడ్డిస్తారు, ఫొటోలకు అడ్డంగా ఉందనిపిస్తుంది. లాంచీ ఒరిగిన తరువాత దాన్ని వెతుక్కుని, తొడుక్కుని, బకిలు పెట్టుకునే వ్యవధి ఎవరికీ దొరకదు. ఈత బాగా వచ్చినవారు కూడా వేసుకోవాలి, ఎందుకంటే తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పితే ఈత గుర్తుండదు.

ఐదవ పని: లాంచీ నిలకడను పాడుచేయకండి

లాంచీ ఎందుకు తిరగబడుతుందో తెలిస్తే ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. బరువు ఎంత కిందుగా ఉంటే లాంచీ అంత నిలకడగా ఉంటుంది. జనమంతా పై డెక్కు మీదికి చేరితే బరువు పైకి జరుగుతుంది. అప్పుడు కొద్దిగా ఒరిగినా తిరిగి నిటారుగా లేచే శక్తి దానికి తగ్గిపోతుంది. ఆ స్థితిలో పేరంటాలపల్లి కనిపించిందనో, కొండ మీద నెమలి కనిపించిందనో అందరూ ఒకే పక్కకు పరుగెత్తితే అంచు నీటిని తాకుతుంది. లోపలికి వచ్చిన నీరు కుదురుగా ఉండదు, ఒరిగిన వైపుకే పరుగెత్తి ఇంకా ఒరిగేలా చేస్తుంది. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మందిని బలితీసుకున్న రెండంతస్తుల బోటులో కూడా పట్టేదానికన్నా ఎక్కువమంది ఉన్నారు.

కాబట్టి కుటుంబమంతా పైకి వెళ్లాలనుకున్నప్పుడు వంతులవారీగా వెళ్లండి. మలుపుల దగ్గరా, సుడులు కనిపించే చోటా లేచి నిలబడకండి. పాటలు పెట్టి అందరూ ఒకే లయలో డెక్కు మీద గంతులు వేసే అలవాటు ఒకటి మన విహారయాత్రల్లో పాతుకుపోయింది. లాంచీ లంగరు వేసి ఒడ్డున ఆగిన తరువాత దాన్ని నేల మీద కొనసాగించుకోవచ్చు. సెల్ఫీ కోసం రెయిలింగ్ మీద కూర్చోవద్దు, బయటికి వాలవద్దు. ప్రయాణమంతా మద్యం ముట్టకండి.

ఏసీ గదిలోనో కింది గదిలోనో కూర్చుంటే, కూర్చున్న వెంటనే బయటికి వెళ్లే దారులు రెండు వెతికి పెట్టుకోండి, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసుకోండి. వాన జల్లు కొడుతోందని కిటికీలు, తలుపులు అన్నీ బిగించుకోవడం మన సహజమైన అలవాటు. మంటూరు లాంచీలో సరిగ్గా అదే జరిగింది, మూసిన తలుపుల వెనుక ఉన్నవారు బయటికి రాలేకపోయారు. గాలివాన మొదలైతే తడిసినా ఫరవాలేదు, తలుపులు తెరిచే ఉంచండి, పిల్లలను తలుపుకు దగ్గరగా కూర్చోబెట్టుకోండి, లాంచీని ఒడ్డుకు పట్టించమని అందరూ కలిసి సరంగును అడగండి.

లాంచీ ఒరిగితే, నీటిలో పడితే

లాంచీ ఒరుగుతున్నట్లు అనిపిస్తే సామాన్లు, ఫోను, చెప్పులు వదిలేసి, గదిలో ఉన్నవారు వెంటనే తెరచిన చోటికి రావాలి. దూకాల్సి వస్తే ఒరుగుతున్న వైపున దూకకండి, అది మీ మీదికే వస్తుంది. నీటిలో పడ్డాక మొదటి నిమిషం ఊపిరి అందుకోవడం మీదే మనసు పెట్టండి. ప్రవాహానికి ఎదురీదకండి. గోదావరి వేగానికి ఎదురీదగలవారు లేరు. వెల్లకిలా పడుకుని, కాళ్లు ప్రవాహం వెళ్లే దిశకు చాపి, రాళ్లు వస్తే కాళ్లతో తన్నుకునేలా ఉంచి, నీటితో పాటే పోతూ ఒడ్డుకు ఏటవాలుగా జరగండి. ఒడ్డు అందనప్పుడు మోకాళ్లను ఛాతీ దగ్గరికి ముడుచుకుంటే ఒంటి వేడి నిలుస్తుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే చేతులు పెనవేసుకుని, మధ్యలో పిల్లలను ఉంచుకుని గుంపుగా తేలండి. కచ్చులూరులో ప్రాణాలు దక్కినవారిని ముందుగా అందుకున్నది ఆ తీరపు గ్రామస్థులే, తమ పడవలలో వచ్చి. అలా వచ్చే పడవ కనిపించినప్పుడు అందరూ ఒకే అంచును పట్టుకుని వేలాడకండి, ఆ చిన్న పడవ కూడా తిరగబడుతుంది. ఒక్కొక్కరుగా ఎక్కాలి.

మునుగుతున్న మనిషి కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని అనుకుంటాం. ఊపిరికే అవకాశం లేనివాడు కేక వేయలేడు. నీటిలో నిలువుగా ఉండి, తల వెనక్కి వాల్చి, చప్పుడు లేకుండా పైకీ కిందికీ అవుతున్నవాడే మునిగిపోతున్నవాడు. అతని కోసం వెంటనే దూకకండి. కర్రో, తెడ్డో, చీరో అందించండి, తాడు గానీ తేలే చక్రం గానీ మూత బిగించిన ఖాళీ క్యాను గానీ విసరండి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు, ముగ్గురు పోయిన వార్తలు ప్రతి వేసవిలోనూ చదువుతూనే ఉన్నాం.

ఒడ్డుకు చేర్చిన మనిషిని భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం, బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కి నీరు కక్కించడం మన ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. దయచేసి అలా చేయవద్దు. పొట్టలోని నీరు గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు కూడా పోతాయి. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి ఉందా అని పది సెకన్లలోపు చూడండి. లేకపోతే 112కు గానీ 108కి గానీ ఫోను చేయమని మరొకరికి చెప్పి, తల కొద్దిగా వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో ఐదు సార్లు ఊపిరి ఊదండి. నీటమునిగినవారికి గుండె ఆగేది గాలి అందకనే కాబట్టి ఊపిరితోనే మొదలుపెట్టాలి. ఆ తరువాత ఛాతీ మధ్య రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, పెద్దవారిలో ఐదారు సెంటీమీటర్ల లోతుకు 30 సార్లు నొక్కి, రెండు సార్లు ఊపిరి ఊదండి. వైద్య సిబ్బంది వచ్చే దాకా ఇలాగే కొనసాగించండి. స్పృహ వచ్చి మాట్లాడుతున్నా, దగ్గు గానీ ఆయాసం గానీ ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

దిగే చోట

లాంచీ ఆగే ఇసుక తిన్నెల దగ్గర స్నానానికి దిగాలని అందరికీ అనిపిస్తుంది. అక్కడ మోకాలి లోతు నీరు ఒక్క అడుగులో నిలువు లోతు కావచ్చు, ఎందుకంటే ప్రవాహం అడుగున ఇసుకను రోజుకో తీరుగా కోసేస్తుంది. ఆ లోతు పైనుంచి తెలియదు. స్థానికులు చూపించిన చోటే, జాకెట్లు వేసుకునే, పెద్దవారిలో ఒకరు ఒడ్డున నిలబడి పిల్లలను లెక్కపెడుతూ ఉండగానే దిగండి.

తిరిగి రేవు చేరినప్పుడు చాలామంది లాంచీ ఇంకా ఆగకుండానే జాకెట్లు విప్పి, సామాన్లు పట్టుకుని దిగే పక్కకు గుమిగూడుతారు. ఆ సమయంలో లాంచీ ఒరగడానికీ, పలక మీద నుంచి కాలు జారడానికీ అవకాశం ఎక్కువ. తాళ్లు కట్టేసే దాకా కూర్చుని, ముందు పెద్దవాళ్లనూ పిల్లలనూ ఒక్కొక్కరుగా దింపి, మీ వాళ్లందరూ గట్టు మీద ఉన్నారని లెక్క చూసుకున్నాకే జాకెట్లు విప్పి ఇవ్వండి. వాటిలో ఏదైనా బకిలు విరిగినదీ, పట్టీ చిరిగినదీ కనిపిస్తే పక్కన పెట్టి కంట్రోల్ రూములో చూపించండి, మరుసటి రోజు అది మరొకరి ఒంటి మీదికి వెళ్లకుండా.